కెంట్ తీరంలో రికల్వర్ రోమన్ కోట: పెద్దవాళ్ళను తీసుకెళ్ళవచ్చా?

బందరు_శ్రీను
అందరికీ నమస్కారం. మేముండేది లండన్ తూర్పు శివార్లలో. అమ్మా నాన్నా మచిలీపట్నం నుంచి వచ్చి ఉన్నారు. నాన్నగారు హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. లండన్ టవర్ చూపిస్తే "ఇది మొన్నటిది, రోమన్లు కట్టిందేదైనా ఉంటే చూపించు" అన్నారు. రోమన్ల స్నానశాలలున్న బాత్ నగరం ఉంది గానీ, అక్కడి రద్దీ అమ్మకు పడదు. మ్యాపులో వెతుకుతుంటే సముద్రం ఒడ్డున రికల్వర్ కనిపించింది. ఫొటోల్లో రెండు పెద్ద గోపురాలు తప్ప కోట అన్నది కనబడటం లేదు. అంత దూరం వెళ్తే చూడటానికి ఏమైనా ఉందా? అమ్మకు మోకాళ్ళ నొప్పులు. మా పాపకు ఎనిమిదేళ్ళు, దానికి బోరు కొడితే మా అందరికీ కొట్టినట్టే.

కాంటర్‌బరీ_వాణి
శ్రీను గారూ, ముందుగా ఒక మాట. ఆ రెండు గోపురాలు రోమన్లవి కావు. 12వ శతాబ్దపు చర్చి గోపురాలు. ఫొటోలు చూసి వెళ్ళినవాళ్ళు వాటి కింద నిలబడి సెల్ఫీ తీసుకుని, చుట్టూ ఉన్న అసలు కోటగోడను పట్టించుకోకుండా తిరిగి వచ్చేస్తుంటారు.

కోట పేరు రోమన్ల కాలంలో రెగుల్బియం. క్రీ.శ. 200 ప్రాంతంలో కట్టింది. నాలుగు మూలల కోటలో ఇప్పుడు సుమారు సగమే మిగిలింది. ఉత్తరం సగాన్ని సముద్రం తీసుకుపోయింది. దక్షిణం, తూర్పు వైపుల గోడ మొండిగా, చాలాచోట్ల మనిషి ఎత్తు నుంచి అంతకు కొంచెం పైగా ఉంటుంది. గోడకు పైన తాపిన రాళ్ళను తర్వాతి కాలాలవాళ్ళు ఊడబెరికి తీసుకుపోయారు. అందుకని మీకు కనిపించేది గోడ లోపలి గచ్చూ, గులకరాళ్ళూ, చెకుముకి రాళ్ళూ. తూర్పు ద్వారం దగ్గర కాపలాగది అడుగు గుర్తుపట్టవచ్చు. గోడ వెంట చుట్టూ నడవటానికి కాలిబాట ఉంది. దాదాపు చదునే. టికెట్టు లేదు. కారు పార్కింగుకు మాత్రం డబ్బు కట్టాలి.

మీ నాన్నగారికి నచ్చుతుంది. పాప సంగతి నీలిమ గారిని అడగాలి, వాళ్ళ పిల్లలు అక్కడే ఆడుకుంటూ పెరిగారు.

రాతిగోడ
నా సలహా వేరు. వెళ్ళకండి.

రికల్వర్ చరిత్ర తెలిసినవాళ్ళకు గొప్ప చోటు. తెలియనివాళ్ళకు ఈదురుగాలిలో ఒక రాళ్ళకుప్ప. రోమన్ కోట అంటే ఎలా ఉండేదో కళ్ళతో చూడాలంటే హాంప్‌షైర్‌లో పోర్ట్‌చెస్టర్‌కు వెళ్ళండి. నాలుగు వైపులా గోడ నిలబడే ఉంది, ఆరు మీటర్ల ఎత్తున. గుండ్రటి బురుజులు వరుసగా ముందుకు పొడుచుకుని కనిపిస్తాయి. పోటు సమయంలో ఇప్పటికీ సముద్రం గోడ పాదాల దాకా వస్తుంది. లోపల ఒక మూల నార్మన్ రాజుల కోట, ఇంకో మూల 12వ శతాబ్దపు చర్చి, మధ్యలో క్రికెట్ ఆడుకునేంత పచ్చిక. నెపోలియన్ యుద్ధాల్లో పట్టుబడ్డ ఫ్రెంచి ఖైదీలను అక్కడే ఉంచారు. ఆ ఖైదీలు లోపల ఒక నాటకశాల కూడా కట్టుకున్నారు. రైలు స్టేషను నుంచి నడిచిపోవచ్చు. పాపకూ, అమ్మగారికీ, మాస్టారికీ ముగ్గురికీ సరిపోతుంది.

కాంటర్‌బరీ_వాణి
పోర్ట్‌చెస్టర్ గొప్పదే, కాదనను. కానీ తూర్పు లండన్ నుంచి అక్కడికి రావడం పోవడంతోనే రోజంతా పోతుంది.

ఉప్పాడ_కెరటం
నేను ఉద్యోగరీత్యా మెయిడ్‌స్టోన్‌లో ఉంటాను. మాది ఉప్పాడ. సముద్రం ఊరిని కొరుక్కుతినడం చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి. తుపాను వచ్చిన ప్రతిసారీ రోడ్డు పోతుంది, మళ్ళీ వేస్తారు, మళ్ళీ పోతుంది. రికల్వర్‌లో గోపురాల వెనక్కి వెళ్ళి కిందికి చూస్తే నాకు ముందు కనిపించింది రోమన్లు కాదు, ఒడ్డు వెంట పేర్చిన బండరాళ్ళు, కాంక్రీటు వాలు. అక్కడివాళ్ళూ అదే పోరాటంలో ఉన్నారు.

రోమన్లు కట్టినప్పుడు ఉత్తరపు తీరం కోటకు సుమారు మైలు దూరంలో ఉండేది. 1530ల్లో లీలాండ్ అనే పండితుడు చూసినప్పటికి అది పావు మైలు పైచిలుకుకు వచ్చేసింది. 1809 నాటికి చర్చి గుమ్మం దాకా వచ్చింది. అక్కడ ఒక వింత జరిగింది. సముద్రం కూల్చేలోపు మనమే కూల్చేద్దామని చర్చిని ఊరివాళ్ళే పడగొట్టారు! ఏడో శతాబ్దంలో, 669లో, కెంట్ రాజు ఇచ్చిన స్థలంలో వెలసిన మఠం అది. పాదిరీగారి తల్లి పట్టుబట్టి కొడుకు చేత ఆ పని చేయించిందని అప్పటి చర్చి గుమాస్తా రాసిపెట్టాడు.

గోపురాలు మాత్రం ఎలా మిగిలాయంటే, ఓడలవాళ్ళకు అవి కొండగుర్తు. నావికుల దీపస్తంభాలు చూసుకునే ట్రినిటీ హౌస్ సంస్థ వాటిని కొని, మరమ్మతు చేయించి, కింద రాతి కట్టలు వేయించింది. ఈ రోజు రోమన్ గోడ సగమైనా మిగిలిందంటే ఆ కట్టల పుణ్యమే.

బందరు_శ్రీను
ఇది నాన్నకు చదివి వినిపించాను. "చర్చిని కాపాడని భక్తి, ఓడల్ని కాపాడే వ్యాపారం. ఏది మిగిల్చిందో చూడు" అన్నారు. అంటే వెళ్ళడం ఖాయమైనట్టే. వాణి గారూ, ఇంకేమైనా దగ్గర్లో ఉందా, ఒకే రోజులో అయ్యేది?

కాంటర్‌బరీ_వాణి
ఉంది. అసలు రికల్వర్ ఒక్కటే చూస్తే కథ సగమే తెలుస్తుంది. శాండ్‌విచ్ ఊరి పక్కన రిచ్‌బరో ఉంది, రోమన్ పేరు రుటుపియే. కారులో అరగంట పైచిలుకు.

ఇప్పుడు మ్యాపు తెరవండి. కెంట్ ఈశాన్య కొసన మార్గేట్, రామ్స్‌గేట్ ఉన్న భాగాన్ని థానెట్ అంటారు. రోమన్ల కాలంలో అది నిజంగానే దీవి. దానికీ నేలకూ మధ్య వాంట్సమ్ అనే సముద్రపు పాయ పారేది, కొన్నిచోట్ల మూడు కిలోమీటర్ల వెడల్పున. గాలివానలో థానెట్ కొస చుట్టి పోకుండా ఓడలు ఆ పాయలోంచి థేమ్స్ వైపు దారి తీసేవి. ఆ పాయ ఉత్తరపు నోట రికల్వర్, తూర్పు నోట రిచ్‌బరో. ఒకే దారికి రెండు చివర్ల రెండు కాపలాలు.

తర్వాత ఏమైందంటే, ఉత్తరం వైపు మెత్తటి ఇసుకనేల కావడంతో అలలు కోసుకుంటూ పోయాయి. తూర్పు వైపు స్టౌర్ నది ఒండ్రు తెచ్చింది, సముద్రం గులకరాళ్ళను తెచ్చి అడ్డంగా పోసింది, మఠాల సన్యాసులు గట్లు వేసి పొలాలు చేసుకున్నారు. ఎనిమిదో శతాబ్దంలో బీడ్ అనే సన్యాసి ఇంగ్లండు చరిత్ర రాసేనాటికే ఆ పాయ రెండు మూడు ఫర్లాంగుల వెడల్పుకు చిక్కిపోయింది. ఇప్పుడది ఒక మురుగుకాలవంత. ఫలితంగా రికల్వర్‌ను సముద్రం తినేసింది, రిచ్‌బరోను వదిలేసి నాలుగు కిలోమీటర్లు వెనక్కి పోయింది. ఒకే నీళ్ళు, రెండు తీర్పులు. ఈ రెండూ ఒకే రోజు చూసినవాళ్ళకే అది అర్థమవుతుంది. పోర్ట్‌చెస్టర్ గోడలు ఎంత చక్కగా ఉన్నా ఈ సంగతి చెప్పలేవు, రాతిగోడ గారు కోప్పడకూడదు.

1953 జనవరి ఆఖరి రాత్రి పెద్ద తుపానులో రికల్వర్ పక్క కట్ట తెగి సముద్రం మళ్ళీ ఆ పాత పాయలోకి చొరబడింది. నీళ్ళకు పాత దారి గుర్తుంటుంది.

రాతిగోడ
కోపమేమీ లేదు. రిచ్‌బరో కలిపితే నా అభ్యంతరం సగం పోయినట్టే. అక్కడ గోడలు ఎనిమిది మీటర్ల దాకా నిలబడి ఉన్నాయి.

పనిలో పనిగా మాస్టారికి ఒక తేడా చెప్పండి. రికల్వర్ పాతకాలపు నమూనా. మూలలు గుండ్రంగా తిరుగుతాయి, గోడకు లోపలివైపు మట్టికట్ట ఉంటుంది, బయటికి పొడుచుకొచ్చిన బురుజులు లేవు. రిచ్‌బరో గోడలు సుమారు డెబ్బై ఎనభై ఏళ్ళ తర్వాతివి. మందం పెరిగింది, బురుజులు వచ్చాయి. ఆ మధ్యకాలంలో భయం ఎంత పెరిగిందో గోడను చూసే చెప్పవచ్చు.

బందరు_శ్రీను
భయం ఎవరంటే? వీటిని "సాక్సన్ తీరపు కోటలు" అంటారని చదివాను. జర్మనీ తీరం నుంచి ఓడల్లో వచ్చే సాక్సన్ల దాడుల నుంచి కాపాడుకోవడానికి కట్టినవనేనా?

పాతనాణెం
ఈ చర్చలో ఇప్పటిదాకా చదివేవాణ్ణే. ఇక్కడ ఆగలేకపోయాను.

ఆ పేరు 400 ప్రాంతపు రోమన్ ఉద్యోగుల జాబితా నోటీషియా డిగ్నిటాటమ్‌లోది. అందులో "సాక్సన్ తీరపు అధిపతి" అనే పదవి కింద తొమ్మిది కోటలు ఉన్నాయి, మీరు వెళ్ళే రెండూ వాటిలోవే. రిచ్‌బరోలో రెండవ అగస్టా లీజియన్ అనే రోమన్ సైనికదళం ఉండేదని అందులోనే ఉంది.

ఈ కథలో అసలు మనిషి కరౌసియస్. ఇప్పటి బెల్జియం ప్రాంతపు నావికుడు. సముద్రపు దొంగలను అణచమని రోము అతనికి నౌకాదళం ఇచ్చింది. దొంగలు దోచుకునేదాకా ఆగి, తిరుగు దారిలో వాళ్ళను పట్టుకుని, ఆ సొమ్ము తనే ఉంచుకునేవాడని ఆరోపణ వచ్చింది. మాక్సిమియన్ చక్రవర్తి మరణశిక్ష వేశాడు. దాంతో కరౌసియస్ 286లో బ్రిటన్‌కు తానే చక్రవర్తినని ప్రకటించుకున్నాడు! ఏడేళ్ళు ఏలాడు. 293లో అతని ఆర్థికమంత్రి అలెక్టస్ చంపి కుర్చీ ఎక్కాడు. 296లో రోము తిరిగి వచ్చి అలెక్టస్‌నూ తుడిచిపెట్టింది. ససెక్స్‌లోని పెవెన్సీ కోటగోడ కింద దొరికిన దుంగల వలయాలనూ, నాణేలనూ బట్టి చూస్తే 293 ప్రాంతమని తేలింది. అంటే ఆ కోటైనా సాక్సన్ల మీదికే కట్టారా, రోము మీదికి కట్టారా అన్నది న్యాయమైన ప్రశ్న.

కరౌసియస్ నాణేలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మెడ లావుపాటి మనిషి, గడ్డం. చూస్తే మంచి వస్తాదులా ఉంటాడు.

రాతిగోడ
ఇంకో వాదన కూడా ఉంది. ఇవి కోటలకంటే గోదాములే ఎక్కువని. బ్రిటన్‌లో పన్నుగా వసూలైన ధాన్యం, తోళ్ళు, ఉన్ని ఇక్కడ చేర్చి రైన్ నది సైన్యాలకు ఓడల్లో పంపేవారని. 359లో రోమన్ ఉపచక్రవర్తి జూలియన్ బ్రిటన్ ధాన్యాన్ని రైన్ తీరానికి తెప్పించిన మాట నిజం. కానీ గోదాముకు మూడు మీటర్ల మందం గోడ ఎందుకన్నది నాకు మింగుడుపడదు. రెండు పనులూ చేసి ఉంటాయి.

పాతనాణెం
మాస్టారు బందరువారు కాబట్టి ఒక మాట. ఒకటో శతాబ్దపు గ్రీకు వర్తకుల పుస్తకం పెరిప్లస్‌లో మసాలియా అనే తూర్పు తీరం వస్తుంది, సన్నటి నూలుబట్టలు విస్తారంగా నేస్తారని. అది బందరు చుట్టుపక్కల కృష్ణా తీరమేనని పండితులు అంటారు. నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. రికల్వర్ గోడ లేచిన శతాబ్దంలోనే అక్కడ ఇక్ష్వాకులు ఏలుతున్నారు. రోము సామ్రాజ్యానికి రికల్వర్ పడమటి కొస కాపలా అయితే, మనవాళ్ళు తూర్పున దాని బజారు. మాస్టారికి ఈ మాట చేరవేయండి.

మార్గేట్_నీలిమ
చరిత్ర అయిందా? ఇక నేను.

శ్రీను గారూ, కారు ఉంటే కారులోనే రండి. రికల్వర్‌కు రైలు లేదు. దగ్గరి స్టేషను హెర్న్ బే, అక్కడి నుంచి అయిదు కిలోమీటర్లు. ఒడ్డు వెంట బాట బాగుంటుంది కానీ మోకాళ్ళ నొప్పులకు కాదు. రిచ్‌బరోకు శాండ్‌విచ్ స్టేషను, మళ్ళీ రెండు మైళ్ళు. కారు లేకుండా రెండూ ఒకే రోజు అంటే అమ్మగారిని శ్రమపెట్టినట్టే.

ఉదయం రికల్వర్, మధ్యాహ్నం రిచ్‌బరో పెట్టుకోండి. ముందే ఆటుపోట్ల సమయాలు చూసుకోండి, ఆటు వేళ ఒడ్డు విశాలంగా ఉంటుంది. హెర్న్ బే వైపు బెల్టింజ్ ఒడ్డున ఆటు సమయంలో వెతికితే కోట్ల ఏళ్ళనాటి సొరచేప పళ్ళు దొరుకుతాయి. మీ పాప ఇక రోమన్ల పేరు ఎత్తదు, అది వేరే సంగతి. 1943లో జర్మనీ ఆనకట్టలు పగలగొట్టడానికి నీళ్ళ మీద గెంతే బాంబును పరీక్షించింది రికల్వర్ ముందున్న సముద్రంలోనే. మా అబ్బాయికి కోటకంటే అదే ఇష్టం.

గాలి మాత్రం ఎండాకాలమని చూడదు. అమ్మగారికి చెవులు కప్పే శాలువా తీసుకోండి. పులిహోర తెచ్చుకుంటే గోడ దక్షిణం వైపు కూర్చుని తినండి. ఉత్తరం వైపైతే విస్తరితో సహా థానెట్ చేరుతుంది.

రిచ్‌బరోకు టికెట్టు ఉంది, పాత కట్టడాలను చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థలో సభ్యత్వం ఉంటే ఉచితం. చలికాలంలో తెరిచే రోజులు తక్కువ, వాళ్ళ వెబ్‌సైటు చూసి బయల్దేరండి. 2023లో అక్కడ చెక్కతో రోమన్ ద్వారాన్ని అసలు చోటనే మళ్ళీ కట్టారు. మెట్లెక్కి పైకి పోవచ్చు. పాపను అక్కడ వదిలితే దిగదు.

బందరు_శ్రీను
వెళ్ళొచ్చాం. ఫొటోలు తర్వాత పెడతాను.

రికల్వర్‌లో నాన్న గోపురాలను చూడనే లేదు. నేరుగా గోడ దగ్గరికి పోయి గచ్చు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. నాకు రాళ్ళకుప్పగానే కనిపించింది, రాతిగోడ గారు చెప్పినట్టే. ఆయన మాత్రం రాళ్ళు వాలుగా పేర్చిన వరసలు చూపించి, ఒక వరస ఇటు, పై వరస అటు అని వివరించారు. అమ్మ చర్చి మొండిగోడ పక్కన బల్ల మీద కూర్చుని సముద్రం చూసింది. "బందరులో రేవు కోసం ఇన్నేళ్ళు ఎదురు చూశాం, వీళ్ళేమో సముద్రం రావద్దంటారు" అంది.

రిచ్‌బరో ముగ్గురికీ బాగా నచ్చింది. గోడలో చదరపు రాళ్ళ మధ్య ఎర్ర ఇటుకల వరసలు బద్దీల్లా పరిగెడుతుంటాయి. ఉత్తరపు గోడ బయట నడుస్తుంటే ఒకచోట నాన్న ఆగిపోయారు. అక్కడి దాకా ఒక రంగు రాళ్ళు, అక్కడి నుంచి మరో రంగు. ఇటుక వరస కూడా కొంచెం ఎత్తు మారింది. "ఇక్కడ మేస్త్రీ మారాడు" అన్నారు. లోపల మ్యూజియంలో అడిగితే నిజమేనట, గోడను ముక్కలుగా పంచుకుని వేర్వేరు ముఠాలు కట్టాయట. ఇక చూడండి ఆయన సంబరం.

కోట నడిమధ్యన ఒక పెద్ద కాంక్రీటు దిమ్మ ఉంది. పాప దాన్ని వేదిక అనుకుని డాన్సు చేసింది. అది 85 ప్రాంతంలో కట్టిన విజయతోరణం పునాదట. ఇరవై అయిదు మీటర్ల ఎత్తు, ఇటలీ నుంచి తెచ్చిన కరారా చలువరాయి తాపడం. క్లాడియస్ చక్రవర్తి సైన్యం 43లో దిగిన చోట, బ్రిటన్‌లోకి వచ్చేవాడికి మొదట కనబడేలా. మూడో శతాబ్దంలో సముద్రం మీద కన్నేసి ఉంచడానికి అదే తోరణం చుట్టూ మూడు కందకాలు తవ్వుకున్నారు. ఆ కందకాలు ఇప్పటికీ లోతుగా ఉన్నాయి. గెలిచామని కట్టుకున్నది చివరికి దాక్కోవడానికి పనికొచ్చింది.

తూర్పు గోడ మాత్రం లేదు. అది వాలు మీంచి స్టౌర్ వైపు కూలిపోయింది. వాణి గారూ, మీ "వదిలేసిన" నీళ్ళు పోతూ పోతూ ఒక గోడ పట్టుకుపోయాయన్నమాట.

కాంటర్‌బరీ_వాణి
ఒప్పుకున్నాను! ఆ కూలిన గోడ దగ్గరే 2008లో తవ్వితే రోమన్ కాలపు సముద్రపు ఒడ్డు బయటపడింది. ఈసారి కాంటర్‌బరీ వస్తే కెథడ్రల్ నేలమాళిగలో రికల్వర్ చర్చి స్తంభాలు రెండు ఉన్నాయి, మాస్టారికి చూపించండి.

ఉప్పాడ_కెరటం
రికల్వర్‌లో రాత్రిళ్ళు పసిపిల్లల ఏడుపు వినిపిస్తుందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. 1960ల్లో తవ్వితే సైనికుల గదుల కింద నిజంగానే పసికందుల ఎముకలు దొరికాయి. భవనం నిలవడానికి బలి ఇచ్చారని కొందరు రాశారు. ఎవరికైనా వివరం తెలుసా?

పాతనాణెం
బలి అనడానికి నేను తొందరపడను. పళ్ళు రాని పసివాళ్ళను దహనం చేసే ఆచారం లేదని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఇళ్ళ కిందా, గోడల పక్కా పూడ్చడం వాళ్ళలో మామూలు. మన దగ్గరా పసిపిల్లలను పూడుస్తారే గానీ కాల్చరు. సైనికుల కోటలో పసిపిల్లలంటే, అక్కడ ఆడవాళ్ళూ కాపురాలూ ఉన్నాయన్నమాట. నాకు అదే పెద్ద సంగతి. బలి కథ అయితే పర్యాటకుల బోర్డు మీద బాగుంటుంది.

మార్గేట్_నీలిమ
పిల్లల ఏడుపు సంగతి నాకు తెలియదు. ఆ గాలి గోపురం కిటికీల్లో దూరితే ఏ శబ్దమైనా వస్తుంది.

బందరు_శ్రీను
ఒక సందేహం మిగిలింది. రికల్వర్ గోపురాల కింద ఒడ్డున పాప ఒక ఎర్ర పెంకుముక్క ఏరుకుంది. అరచేయంత ఉంది, ఒకవైపు వేలితో గీసినట్టు వంపు గీత. నాన్న రోమన్‌దే అంటున్నారు. ఇప్పుడు మా వంటగట్టు మీద ఉంది. ఉంచుకోవచ్చా?

రాతిగోడ
ఉంచుకోకండి. కోట చట్టబద్ధంగా రక్షిత స్థలం. అక్కడ అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ తిప్పడం కూడా 1979 చట్టం కింద నేరం. ఒడ్డున దొరికినదానికైనా నేలకు యజమాని ఉంటాడు. పాప ఏరిందని ఎవరూ కేసు పెట్టరు, కానీ ఏరినవన్నీ వంటగట్ల మీదికి పోతే అక్కడ మిగిలేదేమిటి?

కాంటర్‌బరీ_వాణి
కంగారు పడకండి. ఇంగ్లండులో ప్రతి జిల్లాకూ ఇలా దొరికిన వస్తువులను నమోదు చేసే అధికారి ఉంటారు, పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ కింద. కెంట్‌వారికి ఫొటో, దొరికిన చోటు రాసి ఈమెయిల్ పంపండి. రోమన్ పెంకుల మీద అలాంటి వేలి వంపులు మామూలే, పచ్చిమట్టి మీద తయారుచేసినవాడు గీసే గుర్తు. వాళ్ళు చూసి ఏం చేయాలో చెబుతారు. పాప పేరుతోనే పంపండి.

బందరు_శ్రీను
పంపాం. కింద సంతకం పాపే పెట్టింది. దొరికిన చోటు అన్న గడిలో "సొరచేప పన్ను కోసం వెతుకుతుంటే" అని రాసింది.